హెర్పిస్ ఎట్ల అంటుకుంటది, ఎట్ల ఆపుకోవాలె: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరు, నల్గొండ జిల్లాల దవాఖానల్లో సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా కూర్చున్నదాన్ని. మా గదికి వచ్చేవాళ్లు తలుపు మూసినంక కూడా చాలాసేపు వానలు, పత్తి ధర, పిల్లల ఫీజులు మాట్లాడతారు. ఆ తర్వాత "మా దోస్తుకు ఒకనికి అయింది మేడం" అని మొదలుపెడతారు. వాళ్లు అడిగిన ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే కింద రాశాను. మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు. జవాబులు మాత్రం, బయట లైను కనిపిస్తుంటే తొందరలో చెప్పినవాటి కంటే కాస్త వివరంగా రాశాను.

అక్కా, హెర్పిస్ అంటే అక్కియేనా? సర్పి అంటరు గదా, అదేనా?

పేర్ల దగ్గరే సగం గందరగోళం. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలాగా పొక్కులు లేస్తే మన దిక్కు అక్కి అంటారు, సర్పి అంటారు. జాజు పూయిస్తారు. తలా తోకా కలిస్తే మనిషి దక్కడని భయపెడతారు. ఆ జబ్బుకు డాక్టర్లు రాసే పేరు హెర్పిస్ జోస్టర్. చీటీ మీద "హెర్పిస్" అన్న మాట చూసి కొడుకు మొహం మాడ్చుకుంటే, ఒక పెద్దాయన నా ముందర కూర్చొని "ఈ వయసుల నాకీ అపనింద ఏంది బిడ్డా" అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకు వచ్చింది అక్కి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల్లో దాక్కొని, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది. ఒక నరం దారి పట్టుకొని పోతుంది కాబట్టే ఒక పక్కకే ఉంటుంది. ఆలుమగల కలయికతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ మాట్లాడేది హెర్పిస్ సింప్లెక్స్ గురించి. అందులో రెండు రకాలు: హెచ్‌ఎస్‌వీ-1, హెచ్‌ఎస్‌వీ-2. మొదటిది ఎక్కువగా మూతి దగ్గర, రెండోది ఎక్కువగా మర్మాంగాల దగ్గర ఉంటుంది. అయితే ఆ హద్దు గట్టిది కాదు. మూతి దగ్గరి రకం కిందికీ పోగలదు. సవాయి (సిఫిలిస్), శెగ (గనేరియా) అని మన పెద్దలు చెప్పే రోగాలు ఇవి కావు. అవి బాక్టీరియాతో వచ్చేవి, మందులతో పూర్తిగా పోయేవి.

జ్వరమొస్తే మూతి పేలుతది గదా. అది గూడ ఇదేనా?

చాలావరకు అవును. జ్వరం తర్వాతనో, మే నెల ఎండలో పొద్దంతా చేన్ల పనిచేసిన తర్వాతనో పెదవి అంచున గుత్తిగా నీటిపొక్కులు లేచి, పగిలి, పక్కు కడితే అది హెచ్‌ఎస్‌వీ-1 పనే. "జ్వరం బయటపడ్డది" అని మనం తేలిగ్గా అనుకునేది దీన్నే. ఎండ తగిలితే ఇది లేస్తుందన్నది వాస్తవం. మూతికి రుమాలు కట్టుకొని పనిచేసే ఆడవాళ్లకు తెలియకుండానే కొంత మేలు జరుగుతున్నది.

నోటి లోపల, చెంప లోపలి వైపు, నాలుక అంచున తెల్లగా పుండ్లు పడి కారం తింటే భగ్గుమనేది వేరు. అది నోటి పూత. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు 380 కోట్ల మందికి హెచ్‌ఎస్‌వీ-1 ఉన్నది. అంటే 64 శాతం. హెచ్‌ఎస్‌వీ-2 ఉన్నవాళ్లు 15 నుంచి 49 ఏళ్ల మధ్య 52 కోట్లు. ఎక్కువమందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఈ లెక్క నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను. "నాకొక్కదానికే ఎందుకొచ్చింది" అని ఏడ్చేవాళ్లకు అది మొదటి ఊరట.

అసలు ఎట్ల అంటుకుంటది?

చర్మం చర్మానికి తగిలి. వైరస్ ఉన్నచోటు, అవతలి మనిషి పలుచటి చర్మానికి, అంటే పెదవులు, నోరు, మర్మాంగం, మలద్వారం వంటి చోట్లకు రాసుకుంటే కంటికి కనపడని గీతల్లోంచి లోపలికి పోతుంది. వీర్యం లోపల పడకపోతే ఏం కాదనుకునేవాళ్లు చాలామంది. హెర్పిస్‌కు ఆ లెక్క లేదు. పూర్తిగా కలవకపోయినా, అక్కడ అక్కడ రాసుకున్నా అంటవచ్చు.

మూతి మీద పొక్కు ఉన్న మనిషి నోటితో అవతలివాళ్ల మర్మాంగాన్ని తాకితే హెచ్‌ఎస్‌వీ-1 అక్కడికి చేరుతుంది. "మేం ఎవరి దగ్గరికీ పోలేదు, ఇది ఎట్లొచ్చింది" అని తలపట్టుకునే కొత్త జంటల్లో కొందరికి జవాబు ఇదే. మగవాళ్ల మధ్య కలయికలోనూ ఇవే దారులు.

అంటిన తర్వాత 2 నుంచి 12 రోజుల్లో మొదటిసారి లేస్తే లేస్తుంది. ఆ మొదటిది కొందరికి ఘోరంగా ఉంటుంది: జ్వరం, ఒళ్లు నొప్పులు, గజ్జల్లో బిళ్ల కట్టడం, మూత్రం పోస్తే నిప్పుల మీద పోసినట్టు మంట. కొందరికి చిన్న గీత పడ్డట్టు, చెమటకు ఒరుసుకున్నట్టు ఉండి పోతుంది. ఇంకా చాలామందికి ఏమీ కనపడదు.

పొక్కులు లేనప్పుడు గూడ అంటుతదా? డాక్టర్ సాబ్ మానినంక ఏం కాదన్నడు.

అంటుతుంది. ఈ పేజీలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పొక్కు మానినంక వైరస్ చచ్చిపోదు. వెన్నుపూస దగ్గర నరాల ముడుల్లోకి పోయి పడుకుంటుంది. మూతి రకమైతే చెవి ముందర, పుర్రె లోపల ఉండే నరం ముడిలో ఉంటుంది. అక్కడి నుంచి అప్పుడప్పుడు నరం దారినే చర్మం మీదికి వస్తుంది. పొక్కు లేపేంత బలం లేకపోయినా, అంటించేంత ఉండవచ్చు. 2011లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో హెచ్‌ఎస్‌వీ-2 ఉన్న 498 మంది రోజూ తమంతట తామే అక్కడ దూదిపుల్లతో తుడిచి పరీక్షకు ఇచ్చారు. పొక్కులు లేచే చరిత్ర ఉన్నవాళ్లలో నూటికి 20 రోజులు, ఎన్నడూ ఏమీ తెలియనివాళ్లలో నూటికి 10 రోజులు వైరస్ దొరికింది. పొక్కు ఉన్న రోజులు అందులో కొన్నే.

దీన్ని విని భయపడి మూలకు కూర్చోవద్దు. వైరస్ బయటికి వచ్చిన ప్రతిసారీ అంటుకోదు. మొదటి ఏడాదిలో ఎక్కువగా బయటికి వస్తుంది, రానురాను తగ్గుతుంది. మర్మాంగాల దగ్గరి హెచ్‌ఎస్‌వీ-1 అయితే చాలా తొందరగా తగ్గుతుంది. మళ్లీ లేవడమూ అరుదు. అందుకే ఏ రకమో తెలుసుకోవడం పనికొచ్చే సంగతి.

ఒకటే బాత్రూం, ఒకటే తువ్వాల. ఇంట్ల పిల్లలకు అంటుతదా? దోమ కుడితే?

బాత్రూం సీటు, బక్కెట్, చెరువు నీళ్లు, దోమ, పక్కన కూర్చోవడం, వీటితో రాదు. ఒంటి మీది నుంచి బయట పడితే ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. అదే పడకలో పండుకోవచ్చు, బట్టలు కలిపి ఉతకొచ్చు, వంట చేయొచ్చు. కోడలికి పళ్లెం వేరే పెట్టిన అత్తలను చూశాను. అది అక్కరలేదు, అది పాపం.

మూతి మీద పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం అదే బీడీ, అదే కల్లు గ్లాసు, అదే లిప్‌స్టిక్ పంచుకోకండి. ఆ తడిలో అవకాశం తక్కువే అయినా ఉన్నది. పొక్కును ముట్టుకున్న చేతితో కన్ను నలుపుకోకండి. కంటికి వస్తే నల్లగుడ్డు మీద పుండు పడి చూపు దెబ్బతింటుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే పిల్లలకు ఇది రెండుసార్లు చెప్పాలి. సబ్బుతో చేతులు కడిగితే చాలు.

మా ఆయన బొంబాయిల మేస్త్రి పని చేస్తడు. దసరాకొచ్చి పోయిండు. నాకు పొక్కులు లేచినయి. ఆయనే తెచ్చిండు గదా?

ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. పాలమూరు నుంచి పుణె, బొంబాయి, దుబాయ్ పోయి బతికే ఇండ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఈ ప్రశ్న ఇంకా బరువైనది. కొన్నిసార్లు ప్రశ్న తిరగబడుతుంది. ఇంటికొచ్చిన భర్తకు పొక్కు లేస్తుంది, ఇంటికాడ ఉన్న భార్య మీద అనుమానం పడుతుంది.

నిజం ఏమంటే, పొక్కును చూసి, రక్తం చూసి, ఎప్పుడు అంటిందో, ఎవరి నుంచి అంటిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఐదేళ్ల కింద, పదేళ్ల కింద, పెండ్లికి ముందు అంటింది కూడా ఇన్నాళ్లు నిద్రపోయి ఈ దసరాకు లేవవచ్చు. ఆయనకు ఎన్నడూ ఒక్క పొక్కు లేవకుండానే ఉండి, తెలియకుండానే మీకు అంటి ఉండవచ్చు. మీకే ముందు నుంచి ఉండి ఇప్పుడు మొదటిసారి బయటపడి ఉండవచ్చు. మూతి నుంచి కిందికి వచ్చి ఉండవచ్చు. కొత్తగా బయట నుంచి వచ్చి ఉండే అవకాశం కూడా ఉన్నది, దాన్ని దాచను. కానీ అది చాలా అవకాశాల్లో ఒకటి.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. పనిలో కొత్తగా చేరినప్పుడు ఒకామె ఇదే అడిగితే, "ఈ మధ్యనే అంటి ఉంటది" అన్నాను. నాకు తెలిసిన అరకొర జ్ఞానంతో అన్నాను. ఆ మాట పట్టుకొని వాళ్లు పెద్దమనుషుల పంచాయితీకి పోయారు. చీటీ పదిమంది చేతులు మారింది. ఆమె పుట్టింటికి పోయింది. కొన్ని నెలల తర్వాత ఆమె చెల్లెలు ద్వారా నాకు తెలిసింది, పెండ్లికి ముందే ఆమెకు ఒకటి రెండుసార్లు అట్లాంటి "వేడి పొక్కులు" లేచి పోయాయట. ఆ కాపురం నా నోటి వల్ల చెడింది. అప్పటి నుంచి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు కుర్చీ దగ్గరికి జరుపుకొని, నెమ్మదిగా, అన్ని దారులూ చెప్తాను.

అనుమానం తీరాలంటే ఇద్దరూ కలిసి రండి. రక్తం రిపోర్టు పట్టుకొని పంచాయితీకి పోకండి. అది సాక్ష్యం కాదు.

నిరోధ్ వాడితే సరిపోదా?

చాలా పనికొస్తుంది, పూర్తిగా ఆపలేదు. తొడుగు కప్పని చోట, అంటే వృషణాల మీద, గజ్జల్లో, పిరుదుల మీద కూడా వైరస్ ఉండవచ్చు. పాత అధ్యయనాలన్నీ కలిపి 2009లో వేసిన లెక్కలో, ప్రతిసారీ వాడేవాళ్లకు హెచ్‌ఎస్‌వీ-2 అంటుకునే అవకాశం 30 శాతం తగ్గింది. ఆఫ్రికాలోని జంటల మీద 2016లో వచ్చిన లెక్క ఇంకా ధైర్యం ఇచ్చేది: మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు అంటడం 96 శాతం, ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు 65 శాతం తగ్గింది. రెండింటికీ తేడా ఉన్నా చెప్పేది ఒకటే, వాడితే మేలు. ఆడవాళ్లకు సహజంగానే తొందరగా అంటుతుంది కాబట్టి భార్య ఆరోగ్యం కోరే భర్త దీన్ని నామోషీ అనుకోకూడదు.

కొబ్బరినూనె, వాజెలిన్ రాయకండి. రబ్బరు మెత్తబడి చినుగుతుంది. పొడిగా ఉండి మంట పుడితే మెడికల్ షాపులో దొరికే నీళ్ల జెల్లీ అడగండి. పొడిగా రాసుకుంటే చర్మం ఒరుసుకొని వైరస్‌కు దారి సులువవుతుంది. అందుకని జెల్లీ వాడటం సుఖానికే కాదు, రక్షణకు కూడా. నోటితో చేసేటప్పుడు కూడా తొడుగు ఉండాలి. నిరోధ్ ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా దొరుకుతుంది, ఆశ కార్యకర్తల దగ్గర కూడా ఉంటుంది.

పొక్కు లేస్తే ఎన్ని దినాలు దూరముండాలె?

పొక్కు లేవకముందు నుంచే. చాలామందికి ఒక రోజు ముందే తెలుస్తుంది: అక్కడ చురచుర, చీమలు పాకినట్టు, తొడల్లో పిరుదుల్లో గుంజినట్టు. ఆ సూచన తగిలిందంటే ఆ రాత్రి వద్దు అని చెప్పేయాలి. అక్కడి నుంచి పక్కు రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా ఆగాలి. మొదటిసారి అయితే రెండు మూడు వారాలు, తర్వాత లేచేవి వారం పది రోజుల్లో మానతాయి. ఆ రోజుల్లో నిరోధ్ పెట్టుకొని కూడా వద్దు.

దూరం అంటే మాట్లాడకపోవడం, వేరే గదిలో పండుకోవడం అనుకునేవాళ్లను చూసి బాధేస్తుంది. కౌగిలించుకోవచ్చు, పక్కన పండుకోవచ్చు, వీపు రాయొచ్చు, తల నిమరొచ్చు. పుండు కింద ఉంటే ముద్దుకు అడ్డం లేదు. పుండు మూతి మీద ఉంటే ముద్దు, నోటితో చేసేది ఆగాలి. ఒక భర్త చెప్పాడు, "ఆ వారం దినాలు రాత్రి బయట అరుగు మీద కూసొని ముచ్చట పెట్టుకుంటం మేడం, పెండ్లైన కొత్తల గూడ అంత మాట్లాడుకోలే." అట్లా నేర్చుకున్నవాళ్లకు ఈ జబ్బు కాపురానికి అడ్డం రాదు.

రోజూ గోలీ ఏసుకుంటే పెండ్లానికి అంటకుండ ఉంటదా?

అవకాశం దాదాపు సగం తగ్గుతుంది. 2004లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఎస్‌వీ-2 ఉండి ఒకరికి లేని 1,484 జంటలను 8 నెలలు చూశారు. ఉన్నవాళ్లు వాలాసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి వేసుకుంటే 1.9 శాతం మందికి అంటింది. ఉత్త గోలీ, అంటే మందు లేనిది, వేసుకున్నవాళ్ల జంటల్లో 3.6 శాతం. గోలీ లేకున్నా 8 నెలల్లో నూటికి 4 మందికి కూడా అంటలేదన్న సంగతి కూడా చూడండి. ఆ జంటలందరికీ జాగ్రత్తలు చెప్పారు, కండోమ్‌లు ఇచ్చారు. గోలీ, నిరోధ్, పొక్కు రోజుల్లో ఆగడం, మూడూ కలిస్తే మంచి కంచె.

ఎవరికి రోజూ కావాలో, ఎవరికి లేచినప్పుడే చాలో డాక్టరే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే తప్పకుండా చెప్పండి, మోతాదు మారుతుంది. మందు నడిచే రోజుల్లో నీళ్లు బాగా తాగాలి, ఎండాకాలం మరీ.

రక్తపరీక్ష చేయించుకోవచ్చు గదా? నాకు టార్చ్ టెస్టుల హెర్పిస్ పాజిటివ్ అని వచ్చింది.

ఈ రిపోర్టు పట్టుకొని వచ్చే ఆడపిల్లలు ఎక్కువ. ఒకటి రెండు గర్భాలు నిలవకపోతే టార్చ్ అని నాలుగైదు పరీక్షలు కలిపి రాస్తారు. అందులో "హెచ్‌ఎస్‌వీ ఐజీఎం పాజిటివ్" అని వస్తే ఇంట్లో గొడవ మొదలు. ఐజీఎం, ఐజీజీ అనేవి వైరస్‌ను ఎదుర్కోవడానికి రక్తంలో తయారయ్యే రక్షణ పదార్థాలు. ఐజీఎం పరీక్ష హెర్పిస్ విషయంలో నమ్మదగింది కాదు. లేనివాళ్లకు ఉన్నట్టు చూపిస్తుంది. పాత వైరస్ మళ్లీ కదిలినా వస్తుంది. కొత్తగా అంటిందని దాంతో చెప్పలేం. ఆ ఒక్క గీతను నమ్మి గర్భం పోవడానికి కారణం ఇదేనని, మనిషి చెడ్డదని తేల్చడం అన్యాయం.

ఐజీజీ పరీక్ష కొంత నయం. అయినా అంటిన తర్వాత దానిలో కనపడటానికి 12 వారాల దాకా పట్టవచ్చు. తక్కువ అంకెతో పాజిటివ్ వస్తే అది తప్పు కావచ్చు, రెండో పద్ధతిలో సరిచూడాలి. వైరస్ మూతి దగ్గర ఉందా కింద ఉందా అన్నది చెప్పదు. ఏ లక్షణమూ లేనివాళ్లు ఊరికే చేయించుకోవద్దని పెద్ద వైద్య సంస్థలు చెప్పేది అందుకే.

మంచి పరీక్ష పొక్కులోంచి తీసే తడి. పొక్కు లేచిన ఒకటి రెండు రోజుల్లో దూదిపుల్లతో తీసి పీసీఆర్‌కు, అంటే వైరస్‌నే నేరుగా పట్టే పరీక్షకు పంపితే వైరస్ ఉందో లేదో, ఏ రకమో తెలుస్తుంది. పక్కు కట్టినంక పోతే దొరకకపోవచ్చు. అందుకే సిగ్గుపడి వారం ఆగకండి. పీసీఆర్ దొరకని చోట చూసి, అడిగి, డాక్టరు నిర్ణయిస్తారు. దాంతోపాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు తప్పకుండా చేయించుకోండి. పుండు సవాయిది కూడా కావచ్చు. దానికి సూది వేరే, అది నయమయ్యే రోగం.

మెడికల్ షాపుల ట్యూబు ఇచ్చిండు, రాస్తున్న. మంట పెరిగింది.

ఆపేయండి. తామరకని, దురదకని షాపుల్లో చేతికిచ్చే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. హెర్పిస్ మీద అది రాస్తే పుండు పెద్దదవుతుంది, ఆలస్యంగా మానుతుంది. జాజు, పసరు, సున్నం, నిమ్మకాయ, హ్యాండ్ శానిటైజర్, వీటిని పచ్చిపుండు మీద పెట్టి ఒక్కొక్కరు పడ్డ నరకం నేను చూశాను. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగడం, మెత్తగా ఒత్తి ఆరబెట్టడం, వదులు నూలుబట్ట, పారాసెటమాల్ గోలీ, ఇవి చాలు. మూత్రం మంట భరించలేకపోతే టబ్బులో గోరువెచ్చని నీళ్లలో కూర్చొని పోయండి. మూత్రం మొత్తానికే బంద్ అయినా, తలనొప్పితో మెడ బిగుసుకున్నా ఆ రోజే పెద్ద దవాఖానకు పోవాలి.

మందు తింటే పూర్తిగ పోతదా?

పోదు. ఎసైక్లోవిర్ పొక్కును తొందరగా మాన్పుతుంది, నరం ముడిలో పడుకున్నదాన్ని చంపలేదు. టీకా ఇంకా రాలేదు. వేల రూపాయలు తీసుకొని "వేర్లతో సహా తీసేస్తా" అనేవాళ్లు అబద్ధం చెప్తున్నారు. హెచ్‌ఎస్‌వీ-2 మొదటి ఏడాది నాలుగైదుసార్లు లేవడం మామూలే, తర్వాతి ఏండ్లలో తగ్గుతుంది.

హెచ్‌ఐవీగ మారుతదా?

మారదు. రెండూ వేరు వేరు వైరస్‌లు. కానీ హెచ్‌ఎస్‌వీ-2 ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందుకే పైన పరీక్షలు చేయించుకోమన్నాను.

నేను నీళ్లోసుకున్న. బిడ్డకేమన్న అయితదా?

పాతదైతే చాలా తక్కువ భయం. గర్భానికి ముందు నుంచే ఉన్న తల్లి నుంచి కాన్పులో బిడ్డకు సోకే అవకాశం 1 శాతం లోపే. తల్లి ఒంట్లో తయారైన రక్షణ బిడ్డకూ అందుతుంది. అసలు ప్రమాదం ఏడో నెల తర్వాత కొత్తగా అంటితే. అప్పుడు 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. భార్యకు లేదు, భర్తకు ఉంది అంటే ఆఖరి మూడు నెలలు కలయిక మానేయడం మంచిది. మూతి పొక్కు ఉంటే నోటితో కూడా వద్దు.

డాక్టరమ్మకు తప్పకుండా చెప్పండి. 36 వారాల నుంచి గోలీలు ఇస్తారు. నొప్పుల సమయానికి పొక్కులు గానీ, ఆ చురచుర సూచన గానీ ఉంటే ఆపరేషన్ చేస్తారు. ఏదీ లేకపోతే మామూలు కాన్పే. పాలు ఇవ్వొచ్చు, రొమ్ము మీద పుండు లేకుంటే.

ఇంకొక మాట. ఇరవై ఒకటో దినం పండుగకు ఇంటినిండా చుట్టాలు వచ్చి పసిగుడ్డును ముద్దులాడతారు. మూతి పేలినవాళ్లను, ఎంత దగ్గరి మేనత్త అయినా, బిడ్డ మొహానికి మూతి ఆనించనివ్వకండి. నెల లోపు బిడ్డకు ఈ వైరస్ ప్రాణం మీదికి తెస్తుంది. పాలు తాగకుండా, మగతగా, ఒళ్లు కాలి గానీ చల్లబడి గానీ ఉంటే, పొక్కులు, ఫిట్స్ కనపడితే గంట కూడా ఆగకండి. అత్తలు ఏమనుకున్నా అనుకోనివ్వండి.

పెండ్లి కుదిరింది. పిల్లకు చెప్పాలెనా? చెప్తే సంబంధం తప్పిపోతది.

చెప్పాలి. తప్పిపోవచ్చు కూడా, ఆ మాట దాచను. నా ముందే ఒక సంబంధం తప్పింది, ఇంకొకటి నిలబడింది. కానీ ఆమె ఒంటి మీదికి రాబోయేదాన్ని గురించి నిర్ణయం ఆమెది. పెండ్లైన రెండో నెలలో ఆమెకు పొక్కు లేచి అప్పుడు తెలిస్తే, జబ్బు కంటే మోసం ఎక్కువ నొప్పి పెడుతుంది. ఆడపిల్లలకు ఇది ఇంకా కష్టం, నాకు తెలుసు. నిజం చెప్పిన ఆడపిల్ల మీద ఊరు వేసే ముద్ర మగపిల్లగాని మీద వేయదు. అందుకే ఎవరికి చెప్తున్నామో చూసుకోవాలి.

మధ్యవర్తికి చెప్పకండి, తల్లిదండ్రుల ద్వారా చెప్పించకండి. అది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. వరపూజ కాకముందే ఇద్దరూ మాట్లాడుకునే సందర్భం చూసుకోండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టొద్దు, అది స్క్రీన్‌షాట్ అవుతుంది. మొహం చూసి చెప్పండి. ఏడుస్తూ, తప్పు చేసినట్టు తల దించుకొని చెప్తే అవతలి మనిషికి అది పెద్ద ఘోరంలా వినపడుతుంది. నేను వాళ్లతో మా గదిలోనే ఒకటి రెండుసార్లు అనిపించి చూస్తాను. ఇట్లా: "నీకొక సంగతి చెప్పాలె. నాకు హెర్పిస్ అనే చర్మం వైరస్ ఉన్నది. మూతి పేలుతది చూడు, ఆ జాతిదే, కాకపోతే కింద. ఏడాదికోసారి లేస్తది. మందు ఉన్నది, అంటకుండ జాగ్రత్తలున్నయి, పూర్తిగ అయితే ఆపలేం. నువ్వు ఆలోచించుకో, డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం." అంతే. ఎవరి నుంచి, ఎప్పుడు అన్నది చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. వైరస్ సంగతి మాత్రం దాచకూడదు.

ఆమె వెంటనే ఏమీ అనకపోతే ఒత్తిడి పెట్టకండి. నాలుగు రోజులు ఇవ్వండి. ఇప్పటికే పెండ్లై, ఇన్నాళ్లు దాచినవాళ్లకు కూడా ఇదే మాట. ఆలస్యమైనా చెప్పండి, ముందు పొక్కు లేని రోజుల్లో కూడా నిరోధ్ మొదలుపెట్టండి.

మా ఊర్ల అందరు తెలిసినోళ్లే. యాడికి పోవాలె?

జిల్లా దవాఖానల్లో, నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల వంటి మెడికల్ కాలేజీ దవాఖానల్లో సుఖవ్యాధులకు ప్రత్యేకంగా సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. కౌన్సెలర్ ఉంటారు, పరీక్షలు, మందులు ఉచితం. పొక్కుల పుండ్లకు ఇచ్చే మందు ఎర్రరంగు కిట్‌లో ఉంటుంది: ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు, రోజుకు మూడు, 7 రోజులు. మూడో రోజుకే తగ్గిందని మధ్యలో ఆపకండి. మీ ఊరి దగ్గరిది కాకుండా పక్క జిల్లాది ఎంచుకున్నా ఎవరూ కాదనరు. ఒక చోట నా కళ్ల ముందే సిబ్బంది ఒకరు లైన్‌లో ఉన్న మనిషిని రోగం పేరు పెట్టి పిలిచారు, ఆయన మళ్లీ రాలేదు. మీకు అట్లా జరిగితే ఊరుకోకండి, సూపరింటెండెంట్‌కు చెప్పండి, లేదా మరో దవాఖానకు పోండి. మందు మాత్రం మానకండి.

ఫోన్‌లో అడగాలంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097. డబ్బులు పడవు, పేరు చెప్పనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మనసు బాగా కుంగి, చావాలనే ఆలోచనలు వస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా చేయండి. వచ్చేటప్పుడు మీ భాగస్వామిని కూడా తీసుకురండి. ఇద్దరు వస్తే కుర్చీలు చాలవని మొహమాటపడకండి, నేను నిలబడి మాట్లాడతాను.